తపాలా సంస్థానాల ఆట

ఆటగాళ్లు తలా ఒక ఊహా సంస్థానానికి దొరలై, ఎవరి ఊళ్లో వాళ్లుండి, ఎత్తులన్నీ కాగితం మీద రాసి పంపుతూ నెలలు, ఏండ్లు ఆడే ఆటకు ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నాం. ఉత్తరాలన్నీ నిర్వాహకుడి దగ్గరికి చేరతాయి. అతను పాచికలు వేసి, చిట్టా ఆవర్జాలు సరిచూసి, ఏ రాజ్యంలో ఏం జరిగిందో ఎవరికి వారికి తిరిగి రాస్తాడు. మాంత్రికులు, రాక్షసులు, శాపాలు ఉన్న లోకమే అయినా ఇందులో కత్తి తిప్పడం తక్కువ. శిస్తు ఎంత వేయాలి, కరువులో గాదెలు తెరవాలా, పొరుగు దొరకు పిల్లనివ్వాలా అన్నవే అసలు ఎత్తులు. దొర వేషం ఎంత కట్టినా లోపల పట్వారీ లేనివాడు ఈ ఆటలో నిలవడు.

రాజ్యాన్ని పందెంలో పెట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. పల్నాటి కథలో కోడిపందెం ఓడిన బ్రహ్మనాయుడి పక్షం ఏడేండ్లు వలస పోవలసి వచ్చింది. రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు రాసి విసిరే పిల్లల ఆటలో రాజరికం ఒక్క చీటీ విప్పేంతసేపే. గెలిచిన రాజ్యాన్ని తర్వాత ఎట్లా ఏలాలన్నది ఆటగా మారడానికి మాత్రం చాలాకాలం పట్టింది. అది జరిగింది ఐరోపా, అమెరికాల్లో.

ఉత్తరాల మీద ఆడిన మొదటి ఆట చదరంగం. 1804లో నెదర్లాండ్స్‌లో మావియోన్ అనే సైనికాధికారి ఆడిన ఆటలు లెక్కకు దొరుకుతున్నవాటిలో పాతవి. లండన్, ఎడిన్‌బరో క్లబ్బుల మధ్య 1824లో మొదలైన పోటీ 1828 దాకా నడిచి ఎడిన్‌బరో గెలుపుతో ముగిసింది. అదే 1824లో ప్రష్యా సైన్యం రైస్‌విట్జ్ తయారుచేసిన యుద్ధక్రీడను అధికారుల శిక్షణకు తీసుకుంది. రెండు పక్షాల ఆజ్ఞలూ చూసి ఫలితం చెప్పే మధ్యవర్తి అందులో ఉన్నాడు. నేటి నిర్వాహకుడికి తాత అతనే.

రాజనీతికి ఈ ఆటల్లో చోటిచ్చినవాడు అమెరికాకు చెందిన అలన్ కాల్‌హామర్. 1954లో అతను రూపొందించిన ‘డిప్లొమసీ’ 1959లో అచ్చయి బయటికొచ్చింది. ఏడు ఐరోపా శక్తులు ముందు మాటలు కలుపుకుంటాయి, తర్వాత ఎవరి ఆజ్ఞలు వాళ్లు రహస్యంగా రాస్తారు, అన్నీ ఒకేసారి విప్పుతారు. పాచికలు లేవు. మాట ఇచ్చి తప్పడం ఇందులో తొండి కాదు, నియమమే. జాన్ బోర్డ్‌మన్ 1963లో ‘గ్రాస్టార్క్’ అనే చిన్న పత్రిక పెట్టి దీన్ని తపాలాలోకి తెచ్చాడు. ఉత్తరం గడువులోగా రాకపోతే ఆ దేశపు సేనలు ఉన్నచోటే నిలబడిపోతాయి. సోమరితనానికి ఇంతకన్నా న్యాయమైన శిక్ష దొరకదు.

కల్పిత లోకాన్ని జోడించింది బ్రిటన్‌కు చెందిన టోనీ బాత్. కోనన్ అనే వీరుడి కథల్లోని హైబోరియా పటం తీసుకుని, రాజులు, సేనానులు, వారసులు నిండిన పెద్ద వ్యవహారం నడిపాడు. పేకముక్కలు తీసి ఒక్కో పాత్రకు స్వభావం నిర్ణయించేవాడు: ఈ సేనాని పిసినారి, ఆ మంత్రి నమ్మకస్తుడు అని. 1973లో అచ్చయిన అతని పుస్తకం ఇటువంటి ఆట వేసుకోవడం ఎట్లాగో చెబుతుంది. మరుసటి ఏడాది గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. వీరుడు ఎదిగాక కోట కట్టి పన్నులు వసూలు చేసుకోవచ్చని అందులోనే ఉన్నా, చాలామందికి గుహల్లో బంగారం వెతకడమే ఇష్టమైంది. 1984లో ఫ్రాంక్ మెంట్జర్ ‘కంపానియన్’ నియమాలు ఆ లెక్కలను వివరంగా తేల్చాయి: సంస్థానానికి పశుసంపద, వనసంపద, ఖనిజ సంపద, ప్రజల నమ్మకానికి ఒక అంకె. 1985లో రియాలిటీ సిమ్యులేషన్స్ సంస్థ మొదలుపెట్టిన ‘హైబోరియన్ వార్’‌లో 36 మంది 36 రాజ్యాలు ఏలుతూ తపాలాలో ఆజ్ఞలు పంపేవారు, ఫలితాలు కంప్యూటర్ తేల్చేది.

వీటన్నిటిలో రాజ్యం స్వభావాన్ని బాగా పట్టుకున్నది 1995 నాటి ‘బర్త్‌రైట్’. రిచ్ బేకర్, కోలిన్ మెకూంబ్ రూపొందించారు. ఒక్క మండలంలో చట్టం, గుడి, వర్తకం, మంత్రశక్తి అని నాలుగు పట్టులుంటాయి, నాలుగూ నలుగురి చేతుల్లో ఉండొచ్చు. నేల రాజుదే, సంత మాత్రం అతనిది కాదు. ఒక వంతు మూడు నెలల కాలం.

ఇటువంటి ఆట మనం వేసుకోవాలంటే ప్రణాళికలో మొదట తేల్చవలసింది ఈ కాలమే, పటం తర్వాత. బెల్లంపల్లి చుట్టుపట్ల నేలను మాదిరిగా తీసుకుంటే వానాకాలం, యాసంగి, ఎండాకాలం అని ఏడాదికి మూడు వంతులు సహజంగా కుదురుతాయి. సంస్థానాలకు కూడా వెతుక్కోనక్కరలేదు. సిర్పూర్, మాణిక్‌గఢ్, ఉట్నూరులకు గోండు రాజుల చరిత్ర ఉంది, గోదావరి ఒడ్డున చెన్నూరు ఉంది. ఊరికి పట్ల, కొన్ని ఊళ్లపైన మొకాసి, ఆపైన రాజు ఉండే గోండు వ్యవస్థను మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1948 నాటి గ్రంథంలో వర్ణించాడు. రాజు ఆజ్ఞ మొకాసిని దాటి ఊరికి చేరుతుందా అన్నదే ఒక మంచి చిక్కు. కింగ్రి వాయిస్తూ వంశకథలు పాడే పర్ధానుల వంటి వాళ్లను పెడితే, దొర పరువు లెక్క వాళ్ల నోట పలుకుతుంది. పేర్లు మార్చి వాడుకోవడం మేలు. ఇవాళ్టికీ కొలుపులందుకుంటున్న గోండు దైవం పెర్సాపేన్‌ను ఆటలో రాక్షసుణ్ణి చేయడం మర్యాద కాదు.

వానాకాలపు ఉత్తరం ఒక ఇన్లాండు లెటరులో పట్టాలి. ‘శిస్తు పంటలో పదోవంతు. పెద్దచెరువు కట్టకు మట్టి పోయించాలి. రేవు కాడ సుంకం మాఫీ. రహస్యం: పొరుగు దివాణంలోకి గాజులమ్మే మనిషిని పంపాలి.’ ఇంతే. నిర్వాహకుడు గాదెలోని గింజలు లెక్కగట్టి, వానకు పాచిక వేసి, గాజులమ్మే మనిషి పట్టుబడ్డాడో లేదో చూసి జవాబు రాస్తాడు. అతని పుస్తకంలో ఎవరికీ చెప్పని పేజీ ఒకటుండాలి. 1920ల్లో గనులు తెరిచాకే బెల్లంపల్లి బొగ్గుపట్నమైంది. ఆటలో ఆ బొగ్గు నేలకింద ఉందని తొలి పదేండ్లు ఏ దొరకూ తెలియనక్కరలేదు.

ఆటలు చెడేది యుద్ధాల వల్ల కన్నా ఆలస్యాల వల్లే. ఐదారుగురికి మించి దొరలు వద్దు. గడువు ముందే చెప్పాలి, అందని ఉత్తరానికి దివాన్ ఏం చేస్తాడో కూడా ముందే రాసిపెట్టాలి. ఆటగాడు మధ్యలో మానేస్తే సంస్థానానికి వారసుడెవరో తేలి ఉండాలి.

1990ల్లో ఈమెయిల్ వ్యాపించాక కాగితం మీద ఆడేవాళ్లు తగ్గిపోయారు. 2010లో పాత్‌ఫైండర్ ‘కింగ్‌మేకర్’ అనే ఆట వంతును నెలకు కుదించింది. ‘డిప్లొమసీ’ సృష్టికర్త కాల్‌హామర్ ఇల్లినాయ్ రాష్ట్రంలో పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. 2013లో చనిపోయాడు.