ఓవర్‌టైం రిజిస్టరు, టైంషీటు

మన సంఘం ప్రత్యేక సంచికకు బ్యాంకు ఉద్యోగుల చరిత్రలో ఏదైనా ఒక ఘట్టం గురించి రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. 1953 నాటి శాస్త్రి అవార్డు గురించి రాద్దామనే కాగితాలు ముందేసుకున్నాను. కానీ పోయిన సంక్రాంతికి పర్చూరులో మా ఇంట జరిగిన ఒక సంభాషణ మనసును వదలడం లేదు. అది కూడా పనిగంటల చరిత్రకు సంబంధించినదే కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా పెద్దమ్మాయి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. వయసు 26. భోగి ముందురోజు సాయంత్రం వచ్చాడు. వస్తూనే ల్యాప్‌టాప్ తెరిచాడు. రాత్రి పదకొండుకి అమెరికా వాళ్ళతో మీటింగు. నాకు రెండు గంటలకు మెలకువ వచ్చి చూస్తే వరండాలో ఇంకా లైటు వెలుగుతూనే ఉంది. తెల్లవారి భోగిమంట దగ్గర అడిగాను: "ఏరా, రాత్రి చేసినదానికి ఓవర్‌టైం ఎంతిస్తారు?"

వాడు నవ్వాడు. "ఓవర్‌టైమా? ఆ మాట మా ఆఫీసులో ఎవరూ అనరు తాతయ్యా. టైంషీటులో రోజుకు ఎనిమిది గంటలే వేయాలి. ఎంతసేపు చేసినా ఎనిమిదే."

"చేసింది చేసినట్టు వేస్తే?"

"ఎనిమిది గంటల పనికి పన్నెండు గంటలు ఎందుకు పట్టింది, నీకు పని రాదా అంటారు."

నాకు వెంటనే గుర్తొచ్చింది మా బ్రాంచిలోని ఓవర్‌టైం రిజిస్టరు. నేను 1971లో క్లర్కుగా చేరాను. జూన్ 30, డిసెంబరు 31 అర్ధసంవత్సరపు క్లోజింగులు మనలో ఎవరు మరిచిపోగలరు? సేవింగ్స్ లెడ్జర్లన్నిటికీ ప్రొడక్టులు కూడి, వడ్డీ వేసి, బ్యాలెన్సు తీయాలి. పైసా తేడా వచ్చిందంటే తెల్లవారుజాము దాకా వెతుకులాటే. ఎదురు హోటలు నుంచి ఇడ్లీలు, కాఫీలు వచ్చేవి. అంతా అయ్యాక రిజిస్టరులో వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాసి సంతకం చేసేవాళ్ళం. ఏజెంటు గారు ఎంత విసుక్కున్నా కౌంటరు సంతకం పెట్టేవారు. ఆ పుస్తకంలో ఉన్నది మా రాత్రి. దానికి ధర ఉంది, సాక్ష్యం ఉంది.

ఇందులో మన తప్పు కూడా చెప్పాలి. పగలు చేయగల పనిని సాయంత్రానికి జరిపి ఓవర్‌టైం రాసుకున్న మిత్రులు లేకపోలేదు. పేర్లు అనవసరం, చదువుతున్నవారికి తెలుసు.

ఆ రిజిస్టరు ఊరికే రాలేదు. మన దేశంలో 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీల చట్టం పిల్లల గంటలనే పట్టించుకుంది. పెద్దవాళ్ళైన మగ కార్మికులకు, అదీ బట్టల మిల్లుల్లో, రోజుకు 12 గంటల పరిమితి 1911లో వచ్చింది. 1922లో 11 గంటలు, వారానికి 60. 1934లో 10 గంటలు, వారానికి 54. 1946లో 9 గంటలు, వారానికి 48. అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసినవారు డాక్టర్ అంబేద్కర్. 1948 చట్టం, పరిమితి దాటిన గంటకు రెట్టింపు వేతనం ఇవ్వాలని స్థిరపరిచింది. మన పర్చూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లాలో ఉండేది (తరువాత ఒంగోలు జిల్లా, ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా; మేము కదలకపోయినా జిల్లాలు కదులుతూ వచ్చాయి). అదే మద్రాసులో 1923లో సింగారవేలు చెట్టియార్ మన దేశపు మొదటి మేడే జరిపారు. బ్యాంకు ఉద్యోగుల అఖిల భారత సంఘం 1946లో పుట్టింది. సేన్ అవార్డు, శాస్త్రి అవార్డు, దేశాయ్ అవార్డు, 1966 మొదటి ద్వైపాక్షిక ఒప్పందం, ఇన్ని మెట్లెక్కితేగాని ఆ రిజిస్టరు మా బల్ల మీదికి రాలేదు.

అయితే రిజిస్టరు లేని పని కూడా నేను ఈ ఊళ్ళోనే చూశాను. మా నల్లరేగడి చేలల్లో పాలేరును తొలి ఏకాదశికి కుదుర్చుకునేవారు. సంవత్సరానికి ఇన్ని బస్తాలు, ఇంత రొక్కం. గంటల ప్రసక్తే లేదు. కోడి కూయకముందు పశువులకు మేత వేయడంతో మొదలై, రాత్రి చివరి గేదెను కట్టేసేదాకా అన్నీ ఆ ఏడాది జీతంలోనివే. పొగాకు బారెన్ల దగ్గరైతే క్యూరింగు జరిగినన్నాళ్ళూ రాత్రిళ్ళు మేలుకుని వేడి చూసుకోవాలి. పత్తితీతకు వచ్చే ఆడవాళ్ళకు తూకం లెక్క, గంట లెక్క కాదు. మా మనవడి జీతం ఏడాదికి ఇన్ని లక్షల 'ప్యాకేజీ' అని మా అమ్మాయి మొదటిసారి చెప్పినప్పుడు అందరం సంతోషించాం. నాకు మాత్రం లోపల తొలి ఏకాదశి తట్టింది. ఆ రోజు పైకి అనలేదు.

ఈ పిల్లలు కంప్యూటరు దగ్గరికి ఎలా చేరారో కూడా ఇక్కడి వాళ్ళుగా మనకు తెలియాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఈ ప్రాంతపు వ్యవసాయం రూపు మారింది. పత్తి, మిరప, పొగాకు డబ్బు తెచ్చాయి. అదే పత్తి 1987లో తెల్లదోమతో నాశనమైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగారన్న వార్తలు వచ్చిన రోజులవి. నేను అప్పటికి ఆఫీసరునై పంట రుణాల ఫైళ్ళు చూస్తున్నాను. అప్పు కట్టలేక తల వంచుకు నిలబడిన వాళ్ళ మొహాలు ఇప్పటికీ కళ్ళముందున్నాయి. ఆ తరువాత మా కౌంటరు దగ్గర ప్రతి రైతూ ఒకే మాట అనేవాడు: "మావాడు మాత్రం ఈ మట్టిలో పడకూడదండీ." బాపట్లలో 1981లో, గుంటూరులో 1985లో ఇంజనీరింగు కాలేజీలు వచ్చి ఉన్నాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2000 సంవత్సరపు తేదీల చిక్కు తీర్చడానికి కోబాల్ వచ్చినవాళ్ళు కావాలని అమెరికా అడుగుతోంది. అమీర్‌పేటలో కోర్సుకని బంగారం తాకట్టు పెట్టిన తండ్రులకు నేనే స్వయంగా రుణాలు ఇచ్చాను. గర్వంగానే ఇచ్చాను.

షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు ఆ రోజుల్లో హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మన తెలుగు కుర్రాళ్ళ మధ్య తిరిగి, 2007లో 'బాడీ షాపింగ్' మీద ఒక పుస్తకం ప్రచురించారు. కోస్తా జిల్లాల వ్యవసాయ మిగులూ, కట్నాల సొమ్మూ ఈ కుర్రాళ్ళ చదువుకు, వీసాకు ఎలా పెట్టుబడి అయ్యాయో ఆయన రాశారు. పని దొరికేదాకా జీతం లేకుండా ఏజెంటు గదుల్లో ఎదురుచూసే దశనే 'బెంచి' అన్నారు. ఇలా జీతం ఎగ్గొట్టకూడదని అమెరికా 1998లో చట్టమే చేయవలసి వచ్చింది. అంటే అప్పటికే ఆ పద్ధతి ఎంత పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు. మన ఊళ్ళలో మాత్రం బెంచి సంగతి ఎవరూ ఇంటికి రాసేవారు కారు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని భయం.

ఇక చట్టం సంగతి. మన రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం 1988లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48, మించితే రెట్టింపు వేతనం. చదివితే కడుపు నిండుతుంది. కానీ ఐటీ పరిశ్రమను ఆకర్షించాలన్న తొందరలో, ఆ చట్టంలో పనివేళలకు సంబంధించిన సెక్షన్ల నుంచే ఐటీ సంస్థలకు మినహాయింపు ఇస్తూ ప్రభుత్వ ఉత్తర్వులు వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ మినహాయింపులు పొడిగిస్తూ వచ్చారు. పరిశ్రమ వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. ఆ ఉద్యోగంలో నా మనవడూ ఉన్నాడు. కానీ మా తరం మెట్టుమెట్టుగా ఎక్కినదాన్ని ఒక్క కాగితంతో దించేశారని తెలిసినప్పుడు, మన సంఘాలు దాని మీద ఒక్క తీర్మానమైనా చేశాయా అని ఆలోచించాను. మా సంఘంలో మాత్రం చేసిన గుర్తు లేదు. అప్పట్లో మా వాదమంతా కంప్యూటరు మన ఉద్యోగాలు తింటుందనే. 1983లో కంప్యూటర్లు ఎన్ని, ఎక్కడ పెట్టాలో యాజమాన్యాలతో ఒప్పందం చేసుకున్నాం. ఆ కంప్యూటరు ముందు కూర్చోబోయేవాడి గంటల గురించి మేము ఆలోచించలేదు.

"మీది ఆఫీసరు ఉద్యోగం వంటిది, సంఘం కుదరదు" అని ఈ పిల్లలకు చెబుతారట. ఇది పూర్తిగా నిజం కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 'వర్క్‌మన్' నిర్వచనంలోనే గుమాస్తా పనితోపాటు సాంకేతిక పని కూడా ఉండేది. జీతం పరిమితి సూపర్వైజర్లకే గాని సాంకేతిక పని చేసేవారికి కాదు. ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లో స్పష్టం చేసింది. 2017లో కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల సంఘం ఏర్పడింది. 2022లో చెన్నై లేబర్ కోర్టు, ఒక పెద్ద కంపెనీ ఏడేళ్ళ క్రితం తీసేసిన ఉద్యోగి చేసినది మేనేజరు పని కాదని తేల్చి, తిరిగి చేర్చుకోమంది. 2024లో కర్ణాటకలో ఐటీవారి పనిదినాన్ని 14 గంటల దాకా పెంచే ప్రతిపాదన వస్తే, ఆ సంఘం వీధిలోకి వచ్చింది, ప్రతిపాదన ఆగింది. 2025 నవంబరు 21 నుంచి 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. కొత్త నిర్వచనంలోనూ 'సాంకేతిక' అన్న మాట ఉంది. ఓవర్‌టైంకు కార్మికుడి అంగీకారం, రెట్టింపు వేతనం అన్న మాటలూ ఉన్నాయి. అదే సంవత్సరం జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచడానికి ఆమోదించింది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో 10 గంటలకు అనుమతించింది. వారానికి 48 అన్నది రెండు చోట్లా అలాగే ఉంచారు.

అమెరికాలో 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఆటల కంపెనీలో పనిచేసే ఒక ఉద్యోగికి కాబోయే భార్య, అతడు వారానికి 80 గంటలు దాటి ఎలా నలిగిపోతున్నాడో బహిరంగ లేఖ రాసింది. తరువాత ఆ కంపెనీ ఓవర్‌టైం దావాల్లో చిత్రకారులకు 1 కోటి 56 లక్షల డాలర్లు, ప్రోగ్రామర్లకు 1 కోటి 49 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది. మన దగ్గర మాత్రం 2023లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ 90 గంటల మాట చెప్పారు. 90ని ఆరుతో భాగించి చూశాను. రోజుకు 15. మా పాలేరు కూడా మధ్యాహ్నం వేపచెట్టు కింద కునుకు తీసేవాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2016 ఒక్క సంవత్సరంలో వారానికి 55 గంటలు లేదా అంతకు మించిన పని కారణంగా పక్షవాతం, గుండెజబ్బులతో 7,45,000 మంది చనిపోయారు. ఈ అంకె నాకు అంకెగా మిగలలేదు. నిరుడు ఆగస్టులో మావాడు ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడు. ఇరవయ్యారేళ్ళకు రక్తపోటు మాత్రలు రాశారు. ఆసుపత్రి మంచం మీద కూడా ఫోను మోగుతూనే ఉందని మా అమ్మాయి చెప్పింది. ఆ వారం టైంషీటులో కూడా నలభై గంటలే వేశాడట.

భోగి రోజు వాడితో వాదించాను. చట్టం ఉంది, అడగాలి, నలుగురూ కలవాలి అన్నాను. వాడు అంతా విని ఒక్క ప్రశ్న వేశాడు: "నువ్వు ఆఫీసరు అయ్యాక ఓవర్‌టైం తీసుకున్నావా తాతయ్యా?"

తీసుకోలేదు. 1979 ఆఫీసర్ల నిబంధనల ప్రకారం ఆఫీసరు కాలమంతా బ్యాంకుదే. 1984 నుంచి 2008లో రిటైరయ్యేదాకా రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరినా అది హోదా అనుకున్నాను. మా అమ్మాయి చదువుకునే రోజుల్లో నేను మేలుకుని ఉండగా చూసింది తక్కువ. పక్క గదిలోంచి ఆవిడ ఈ మాటలు వింటూనే ఉంది, ఏమీ అనలేదు.

వాడు వెళ్ళేటప్పుడు బీరువాలోంచి ఒక పాత బ్యాంకు డైరీ తీసి ఇచ్చాను. కంపెనీకి చూపించనక్కరలేదు, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ రోజూ రాయి అన్నాను. ఉగాదికి వచ్చినప్పుడు తెచ్చాడు. ఇద్దరం వరండాలో కూర్చుని కూడాం. కూడికలో నేను ఇప్పటికీ వాడికన్నా ముందే. తొమ్మిది వారాలకు మొత్తం 594 గంటలు, వారానికి సగటున 66. టైంషీట్లలో ఉన్నది 360. తేడా 234 గంటలు. తేడా దొరికిన చోట ఎర్రసిరాతో గీత గీయడం పాత అలవాటు కనుక గీశాను. వాడు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకున్నాడు. వాళ్ళ జట్టులో మరో నలుగురు కూడా ఇలా రాయడం మొదలుపెట్టారని బస్సు ఎక్కేముందు చెప్పాడు. ఇంకో నాలుగు డైరీలు ఉంటే పంపమన్నాడు. నా దగ్గర రెండే ఉన్నాయి. పాత డైరీలు వాడకుండా పడి ఉన్న సభ్యులు ఎవరైనా ఉంటే, నెలవారీ సమావేశానికి తెచ్చి ఇవ్వవలసిందిగా ప్రార్థన.