బాంబులు పడుతున్నప్పుడు గోల్ఫ్ ఆడిన క్లబ్బు, దాని లోకల్ రూల్స్

ఈసారి కొంచెం దూరం పోదాం.

రైల్వేలో పని చేసినవాళ్ళం మాకు ఒక సంగతి బాగా తెలుసు. దేశమంతటికీ జనరల్ రూల్స్ ఒకటే. జోనుకు సబ్సిడియరీ రూల్స్ వేరే. ఆపైన ప్రతి స్టేషనుకూ స్టేషన్ వర్కింగ్ రూల్స్ అని ఉంటాయి. ఏ లైను ఎక్కడ వాలుగా ఉందో, గేటు ఎంత దూరమో ఆ స్టేషనుకే తెలుసు కదా! కాని స్టేషను రూలు జనరల్ రూలును మీరకూడదు. గోల్ఫ్ ఆటలోనూ అచ్చం ఇదే ఏర్పాటు. వాటిని లోకల్ రూల్స్ అంటారు.

దీని మొదలు స్కాట్లండులో ఉంది. ఎడింబరో పక్కన లీత్ అనే రేవు ఊరు. 1744లో ఎడింబరో నగరం ఒక వెండి గోల్ఫ్ కర్రను బహుమానంగా పెట్టింది. బహుమానం అంటే పోటీ, పోటీ అంటే తగువు. అందుకని అక్కడి ఆటగాళ్ళు 13 నియమాలు రాసుకున్నారు. గెలిచినవాడు జాన్ రాట్రే అనే వైద్యుడు. ఆ 13వ నియమం చూడండి. మైదానాన్ని కాపాడటానికి తవ్విన కాలువలో గాని, విద్యార్థుల గుంటల్లో గాని, సోల్జర్ల లైన్లలో గాని బంతి పడితే తీసి ఆడవచ్చు అంటుంది. ఆ నేలను కాలితో తొక్కినవాళ్ళు మాత్రమే రాయగల మాట అది.

తరువాత క్లబ్బుకు ఒక పద్ధతి అయింది. 1897లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు రూల్స్ కమిటీ పెట్టింది, 1899లో అందరికీ కలిపి ఒక నియమావళి వచ్చింది. అప్పటినుంచి క్లబ్బులకు మిగిలింది తమ నేలకు సంబంధించిన మాటే. మన మద్రాసులో గిండీ గుర్రప్పందాల మైదానం లోపలనే జింఖానా క్లబ్బువాళ్ళు గోల్ఫ్ ఆడేవారు. గుర్రాల ట్రాకు మీద బంతి పడితే ఏం చేయాలో స్కాట్లండు చెప్పగలదా? అది గిండీలోనే తేల్చుకోవాలి.

ఇక అసలు సంగతి. లండన్ దగ్గర రిచ్‌మండ్ గోల్ఫ్ క్లబ్బు 1891లో పుట్టినది. 1940లో జర్మనీ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తున్నాయి. అప్పుడు ఆ క్లబ్బు తాత్కాలిక నియమాలు కొన్ని వేసింది.

బాంబు ముక్కలు కనిపిస్తే సభ్యులే ఏరివేయాలి, లేకపోతే గడ్డి కోసే యంత్రం పాడవుతుంది. పోటీలో ఉండగా తుపాకులు పేలినా, బాంబులు పడినా ఆట ఆపి దాక్కోవచ్చు, దానికి శిక్ష లేదు. మామూలుగా పోటీ మధ్యలో మన ఇష్టానికి ఆట ఆపకూడదు. ఆలస్యంగా పేలే బాంబులు ఉన్నచోట తగినంత దూరంలో ఎర్రజెండాలు ఉంటాయి. శత్రువు వల్ల బంతి కదిలితే తిరిగి పెట్టుకోవచ్చు. పోతే, పగిలితే ఇంకొకటి వేసుకోవచ్చు, కాని గుంటకు ఇంకా దగ్గరగా వేయకూడదు. బాంబు గొయ్యిలో పడిన బంతికీ అంతే.

చివరిది ఇది. సరిగ్గా కొట్టే సమయానికే బాంబు పేలి దెబ్బ తప్పితే, ఇంకొక బంతి ఆడవచ్చు. కాని ఒక దెబ్బ శిక్ష!

చాలామంది దీన్ని చదివి నవ్వుతారు. మేమూ నవ్వాము. కాని కొంచెం నిదానంగా చూస్తే ఇందులో న్యాయం కనిపిస్తుంది. బంతి పోతే దానికి గుర్తు ఉంటుంది, గొయ్యి కళ్ళకు కనిపిస్తుంది. ఉలికిపడ్డాను అనేదానికి సాక్షి ఎవరు? చెడ్డ దెబ్బలన్నీ బాంబు నెత్తిన వేసేయవచ్చు. అందుకే అవకాశం ఇచ్చారు, ఊరికే ఇవ్వలేదు. ఇది మాకు తోచిన అర్థం.

ఇంకొకటి గమనించండి. ప్రాణం విషయంలో మాత్రం వాళ్ళు లెక్క చూడలేదు. దాక్కోవడానికి శిక్ష లేదు, బాంబు దగ్గర జెండా ఉంది. మిగతాచోట ఆట నియమం గట్టిగా నిలబడింది. గుంటకు దగ్గరగా జరగకూడదు అనే మాట యుద్ధంలోనూ కదలలేదు.

ఈ కాలపు గోల్ఫ్ నియమాలూ అదే చెబుతాయి. నేల కష్టానికి లోకల్ రూలు పెట్టుకోవచ్చు, నచ్చలేదని అసలు రూలును కొట్టివేయకూడదు. ఏ సంఘం బైలాస్ రాసేవాళ్ళయినా ఈ రెండు మాటలూ పక్కన పెట్టుకుంటే మంచిది.

మీ ఊళ్ళో క్లబ్బులో గాని, స్టేషనులో గాని ఇలాంటి వింత రూలు ఏదైనా ఉంటే కింద రాయండి, అందరం తెలుసుకుందాం.