పాఠశాలల మెరుగుదలలో సమష్టి గణాంక సమీక్ష: కర్నూలు, కడప జిల్లాల చరిత్ర

పిల్లల హాజరు, మార్కులు, బడి వసతుల లెక్కలను ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు, అధికారులు ఒకచోట కూర్చుని చదివి, లోపానికి కారణం వెతికి, తర్వాత ఏం చేయాలో తేల్చుకునే పద్ధతిని సమష్టి గణాంక సమీక్ష అనవచ్చు. అమెరికా, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో ఇందుకోసం ఏర్పడే బృందాన్ని ‘డేటా టీమ్’ అంటారు. రాయలసీమ ఉపాధ్యాయుల నోట ఆ మాట అంతగా వినిపించదు. ఇక్కడ అదే పని స్కూల్ కాంప్లెక్స్ సమావేశం, మండల విద్యాశాఖాధికారి సమీక్ష, కలెక్టర్ సమీక్ష అనే మూడు అంచెల్లో జరుగుతుంది. ఉపాధ్యాయులు మొదటిదాన్ని ‘కాంప్లెక్స్ మీటింగ్’ అంటారు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో బడుల లెక్కలు తీయడానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ లెక్కలు తిరిగి బడికి చేరి, ఉపాధ్యాయుల చర్చకు రావడం మాత్రం ఇటీవలి సంగతే.

తొలి లెక్కలు (1822–1826)

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలకు థామస్ మన్రో తొలి ప్రధాన కలెక్టరు. తర్వాత ఆయన మద్రాసు గవర్నరై, 1822 జూన్‌లో ప్రెసిడెన్సీలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లందరినీ ఆదేశించాడు. ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, వారిది ఏ కులం, ఎంతమంది ఆడపిల్లలు అన్న పట్టికలు జిల్లాల నుంచి మద్రాసు చేరాయి. కడప జిల్లా కూడా లెక్క పంపింది. కర్నూలు 1839 వరకు నవాబుల ఏలుబడిలో ఉన్నందున ఆ పట్టికల్లో దానికి చోటు లేదు. అయితే ఇప్పటి కర్నూలు జిల్లాలోని ఆదోని, ఆలూరు ప్రాంతాలు అప్పట్లో బళ్లారి జిల్లావి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అవి కర్నూలులో కలిశాయి. అందుచేత వాటి లెక్క బళ్లారి నివేదికలో దొరుకుతుంది.

ఆ నివేదిక రాసినవాడు బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్. 1816లో ఇంగ్లిషులో తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు కూడా ఆయనే. 1823 ఆగస్టు 17 నాటి ఆయన నివేదిక ప్రకారం బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కాంప్‌బెల్ అంకెలతో ఆగకుండా కారణమూ రాశాడు. జనం పేదరికంలో పడ్డారని, చదువు ఖర్చు భరించలేకపోతున్నారని, పిల్లల చేతులు పనికి వచ్చేసరికే ఇంటి అవసరాలు వాళ్లను బడి నుంచి లాగేస్తున్నాయని దాని సారాంశం. మిగతా జిల్లాల నివేదికలకు లేని పేరు దీనికి రావడానికి ఈ కారణాల వివరణ ఒక మూలం.

1826 మార్చి 10న మన్రో ఈ లెక్కలన్నిటినీ క్రోడీకరించి మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు తేల్చాడు. ప్రతి కలెక్టరేట్‌లో, తహశీల్‌లో ప్రభుత్వ బడులు పెట్టాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది జూలైలో పర్యటనలో ఉండగా ఇప్పటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో మరణించాడు. ఈ సర్వేకు ఉన్న పెద్ద పరిమితి దాని దారే: లెక్క ఊరి నుంచి తాలూకాకు, అక్కడి నుంచి జిల్లాకు, చివరికి మద్రాసుకు ఎక్కింది. ఆ లెక్కను తిరిగి చూసి బోధన మార్చుకునే ఏర్పాటు ఊరి అయ్యవారికి లేదు.

కాంప్లెక్సుల పుట్టుక

బడులు విడివిడిగా కాక గుంపుగా పనిచేయాలన్న ఆలోచనకు దేశంలో ఊతమిచ్చింది డి.ఎస్. కొఠారి అధ్యక్షతన 1964–66లో పనిచేసిన విద్యా కమిషన్. ఒక ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న ప్రాథమిక, ప్రాథమికోన్నత బడులను దానికి అనుసంధానించి ‘స్కూల్ కాంప్లెక్స్’గా నడపాలని అది సూచించింది. 1986 జాతీయ విద్యా విధానం ఆ సూచనను మళ్లీ ముందుకు తెచ్చి, జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఉండాలంది. కర్నూలు డైట్ బి. తాండ్రపాడులో, కడప డైట్ రాయచోటిలో ఏర్పడ్డాయి. 1980ల మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లో మండల వ్యవస్థ రావడంతో మండల విద్యాశాఖాధికారి (ఎంఈవో) అనే కొత్త అంచె వచ్చింది. ఎంఈవో చేతిలో ఉండే బడులు తాలూకా కాలంతో పోలిస్తే తక్కువ కాబట్టి ఏ బడి ఎలా ఉందో పేరుపేరునా చెప్పగలిగే వీలు కలిగింది.

బ్రిటన్ సాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై 1989 తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) టీచర్ సెంటర్లు నెలకొల్పింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలిసి పాఠం చెప్పి చూపించుకునేవారు, చేసిన బోధనోపకరణాలు ఒకరికొకరు చూపుకునేవారు. అక్కడి చర్చ బోధన చుట్టూ తిరిగింది, గణాంకాల పాలు తక్కువ. అయినా తోటి ఉపాధ్యాయుడి ముందు తన తరగతి సంగతి చెప్పుకునే అలవాటు ఆ గదుల్లోనే పడింది. తర్వాతి సమీక్షలన్నిటికీ పునాది అదే.

డీపీఈపీ, డైస్

1990లలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) రావడంతో ‘జిల్లా’ అనేది ప్రణాళికకు కొలమానమైంది. స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువ ఉన్న జిల్లాలను ఈ పథకం ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతలో 1996లో విజయనగరం, నెల్లూరు, వరంగల్, కరీంనగర్‌లతో పాటు కర్నూలు ఎంపికైంది. కడప తర్వాతి విడతలో చేరింది. మండల వనరుల కేంద్రాలు, మండల రిసోర్స్ పర్సన్లు ఈ కాలపు సృష్టే.

ప్రతి బడీ ఏటా సెప్టెంబరు 30 నాటి స్థితిని ఒకే నమూనాలో నింపి పంపే ‘డైస్’ విధానమూ డీపీఈపీతోనే పుట్టింది. ఇది 2012–13లో ఉన్నత పాఠశాలలనూ కలుపుకొని ‘యూ-డైస్’గా, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో నింపే ‘యూ-డైస్ ప్లస్’గా మారింది. గదులు, మరుగుదొడ్లు, తాగునీరు, ఉపాధ్యాయుల ఖాళీలు ఏ బడిలో ఎలా ఉన్నాయో తెలిసింది. పిల్లవాడికి చదవడం వచ్చా రాదా అన్నది మాత్రం ఆ పత్రంలో లేదు. పైగా ఫారం నింపడం ప్రధానోపాధ్యాయుడికి ఇంకో పనిగానే మిగిలింది. ఆ అంకెలను కాంప్లెక్స్ మీటింగ్‌లో బల్లమీద పరిచి చర్చించడం మాత్రం అందరికీ అలవాటు కాలేదు.

కడప పాల్గొన్న ప్రయోగం

‘లెక్క చేతికిస్తే చాలు, ఉపాధ్యాయులే సరిచేసుకుంటారు’ అన్న నమ్మకాన్ని పరీక్షించిన అరుదైన అధ్యయనం 2005 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు సహకారంతో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అయిదు జిల్లాల్లో ఈ పరిశోధన నడిపారు. రాయలసీమ నుంచి అందులో ఉన్న జిల్లా కడప. వంద బడుల్లో విద్యా సంవత్సరం మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఏ అంశంలో వెనుకబడ్డారో, దాన్ని ఎలా వాడుకోవచ్చో రాసి ఉపాధ్యాయులకు ఇచ్చారు. అప్పుడప్పుడు బడికి వచ్చి తరగతిని గమనించారు.

2010లో వెలువడిన ఫలితం ఆలోచింపజేసేది. పరిశీలకులు చూస్తున్నప్పుడు ఆ బడుల ఉపాధ్యాయులు మరింత చురుగ్గా పాఠం చెప్పారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం వారి పిల్లలు మిగతా బడుల పిల్లలను మించలేదు. పిల్లల ఫలితాలను బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం కూడా ఉన్న బడుల్లో ఆ నివేదిక ఉపయోగపడిందన్న ఉపాధ్యాయుల పిల్లలు మెరుగయ్యారు. అంటే నివేదిక ఎందుకూ పనికిరానిదని కాదు, వాడుకోవాలన్న కారణం లేనప్పుడు అది బీరువాలోకి చేరుతుందని. విదేశాల్లో డేటా టీమ్‌లను సమర్థించేవారి వాదన కూడా దీనికి దగ్గరే. 2005లో హార్వర్డ్ నుంచి వచ్చిన ‘డేటా వైజ్’, ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం రూపొందించిన బృంద పద్ధతి రెండూ ఎనిమిది దశలవే. రెండింటిలోనూ అంకె దగ్గర మొదలై, కారణాన్ని ఊహించి, ఆ ఊహను సరిచూసుకుని, ఒక చర్యకు ఒప్పుకుని, ఫలితాన్ని మళ్లీ కలిసి చూసేదాకా బృందం విడిపోదు.

సమీక్ష జరిగే తీరు

ఉదాహరణకు ఒక కాంప్లెక్స్‌లో అయిదో తరగతి లెక్కల పరీక్ష పేపర్లు ముందు పెట్టుకున్నారనుకుందాం. ఒక బడిలో 30 మందికి 21 మంది తీసివేతలో తప్పారన్నది మార్కుల జాబితా చెబుతుంది. అంతవరకు చూస్తే ‘పిల్లలు వెనుకబడ్డారు’ అనే మాట దగ్గర చర్చ ముగుస్తుంది. పేపర్లు తిరగేస్తే 503లోంచి 267 తీసెయ్యమన్నప్పుడు 21 మందిలో చాలామంది ఒకే జవాబు రాసి ఉంటారు: 364. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారన్నమాట. సున్నా ఉన్నచోట పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం వాళ్లకు తెలియదు. దాంతో ‘తీసివేత రాదు’ అన్న ఫిర్యాదు ‘స్థాన విలువ తెలియలేదు’ అన్న కారణంగా మారింది. పక్క బడి ఉపాధ్యాయుడు వందల, పదుల పుల్లల కట్టలు విప్పి చూపించే పద్ధతి చెబుతాడు. రెండు వారాలకు అలాంటి పది లెక్కలే మళ్లీ ఇచ్చి చూడాలని రాసుకుంటారు. సమష్టి సమీక్షలో పనికొచ్చే భాగమంతా ఇదే. మిగతాది పట్టిక.

జిల్లా అంచె: కొలతలు, పోటీలు

2017 నవంబరులో జరిగిన జాతీయ సాధన సర్వే (న్యాస్) 3, 5, 8 తరగతుల పిల్లల సామర్థ్యాలపై జిల్లావారీ నివేదికలిచ్చింది. 2021లో మళ్లీ న్యాస్, 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు ‘పరఖ్’ సర్వే జరిగాయి. 2018 జనవరిలో నీతి ఆయోగ్ ప్రారంభించిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి విజయనగరం, విశాఖపట్నంతో పాటు కడప చేరింది. 49 సూచికల్లో ప్రతి జిల్లా ఎంత ముందుకు కదిలిందో చూసి ర్యాంకులిచ్చే ఈ పథకంలో విద్యకు 30 శాతం భారం ఉంది. తర్వాత కేంద్ర విద్యాశాఖ 83 సూచికలు, 600 పాయింట్లతో జిల్లాల పనితీరు గ్రేడింగ్ కూడా మొదలుపెట్టింది.

ఈ కొలతలతో కలెక్టరేట్ సమీక్షల్లో చదువు ప్రస్తావన పెరిగింది. అయితే నమూనా సర్వేకు ఎంపికైన కొన్ని బడులే జిల్లాకు ప్రాతినిధ్యం వహిస్తాయి. ఒక ప్రత్యేక బడి ఉపాధ్యాయుడికి అవి చెప్పగలిగింది తక్కువ. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య జిల్లాలు విడిపోవడంతో పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకెతో పోల్చడమూ కష్టమైంది. పదో తరగతి ఫలితాల్లో 2023లో రాష్ట్రంలో చివరన నిలిచింది 60.39 శాతంతో నంద్యాల, 2024లో 62.47 శాతంతో కర్నూలు. ఒకప్పుడు ఇవి ఒకే జిల్లా.

బడి స్థాయి అంచనాలో 2022–23 నుంచి 1–8 తరగతులకు ఓఎంఆర్ పత్రాలతో తరగతి ఆధారిత మదింపు వచ్చింది. ఏ ప్రశ్నకు ఎంతమంది ఏ జవాబు గుర్తించారన్నది యంత్రం చదివి చెప్పగలదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల ప్రగతి పత్రాలు తల్లిదండ్రుల చేతికిచ్చారు. ఆ రోజు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కడప మున్సిపల్ ఉన్నత పాఠశాలకు వెళ్లారు. లెక్క చూసేవారి జాబితాలో ఇంటివాళ్లు కూడా చేరారు.

సుగ్గి లెక్క

2011 జనాభా లెక్కల్లో కడప జిల్లా అక్షరాస్యత 67.30 శాతం, కర్నూలుది 59.97 శాతం. కర్నూలు జిల్లా స్త్రీలలో సగం మంది కూడా అక్షరాస్యులు కారు. పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఈ లోటు ఎక్కువ. ఖరీఫ్ ముగిశాక అక్కడి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి తీతకు తెలంగాణకు, కూలికి బెంగళూరు వంటి నగరాలకు పోతాయి. దీన్ని స్థానికంగా ‘సుగ్గి’ అంటారు. హాజరు పట్టీలో ఒకే ఇంటి ముగ్గురు పిల్లలు ఒకే సోమవారం నుంచి గైర్హాజరైతే ఆ ఇంటికి తాళం పడిందని ఉపాధ్యాయుడికి అర్థమవుతుంది. తిరిగి వచ్చేది ఉగాది వేళకు, సంవత్సరాంత పరీక్షలు దగ్గరపడ్డాక.

ఈ పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించేందుకు సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు వచ్చాయి. గణాంకం, కారణం, చర్య మూడూ ఒకే వరుసలో నిలిచిన ఉదాహరణ ఇది. ఏ ఊళ్లో ఎంతమంది పిల్లలు ఎప్పుడు వెళ్తారో చెప్పేది పాత ఏళ్ల హాజరు పట్టీ. ఎవరింటివాళ్లు కూలీల మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారో చెప్పగలిగేది ఊరు. హాస్టల్ మంజూరు చేయాల్సింది జిల్లా. బడి, ఊరు, జిల్లా మూడూ సకాలంలో ఒకచోట కూర్చుంటేనే పిల్లవాడు బడిలో ఉంటాడు.

విమర్శలు

ఉపాధ్యాయ సంఘాల తరచైన ఫిర్యాదు యాప్‌ల భారం. హాజరు, భోజనం వివరాల వంటివి రోజూ పంపడంలో పాఠం చెప్పే వేళ తరిగిపోతోందని వారి వాదన. ర్యాంకు కోసం అంకెలను అందంగా చూపే ప్రమాదాన్ని పరిశోధకులు ఎత్తిచూపుతారు. సమీక్ష అంటే నిలదీయడమే అయినచోట ఉపాధ్యాయుడు తన తరగతి తప్పును బయటపెట్టడు. తప్పు బయటపడకపోతే చర్చించడానికి ఏమీ మిగలదు. ఏకోపాధ్యాయ బడుల్లో కాంప్లెక్స్ మీటింగ్‌కు వెళ్లిన రోజు పాఠం ఆగిపోవడం మరో ఇబ్బంది.

రెండు శతాబ్దాల్లో ఈ సీమలో బడుల లెక్క 533 బడుల పట్టిక నుంచి ఒక్కో పిల్లవాడి ఓఎంఆర్ పత్రం దాకా వచ్చింది. పిల్లలు బడి మానడానికి కాంప్‌బెల్ 1823లో రాసిన కారణం మాత్రం కోసిగి హాజరు పట్టీలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ కారణాన్ని జనవరిలో నివేదికగా రాస్తే అది రికార్డు. అక్టోబరులోనే పేర్లతో సహా బల్లమీద పెడితే హాస్టల్‌లో ఒక పడక.