ఆదివారం సెలవు ఎలా వచ్చింది

పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయి నూలు మిల్లుల పని తెల్లవారగానే మొదలై పొద్దుగూకేదాకా సాగేది. వేసవిలో పగలు ఎక్కువ కాబట్టి చాకిరీ కూడా ఎక్కువే. ఆదివారమైనా యంత్రాలు తుడవడానికి చాలామంది రావలసి వచ్చేది. పల్లెల్లో సేద్యం, నేత తేలిక పనులేమీ కావు. కానీ జోరువానకు అరక ఆగేది, అమావాస్యకు మగ్గం ఆగేది. ఆవిరి యంత్రం దగ్గర ఆ తెరిపి పోయింది.

1881 ఫ్యాక్టరీ చట్టం 7 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 గంటల హద్దు పెట్టి, నెలకు 4 సెలవులు ఇచ్చింది. పెద్దల ఊసే ఎత్తలేదు. ఆ లోటును గట్టిగా ఎత్తిచూపినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. జ్యోతిరావు ఫూలే సహచరుడు, ‘దీనబంధు’ పత్రిక సంపాదకుడు, మిల్లులో స్టోర్‌కీపరుగా పనిచేసి కార్మికుల బతుకు దగ్గరగా చూసినవాడు. 1884లో ఆయన కార్మికుల సభ జరిపి విన్నపం సిద్ధం చేయించాడు. వారానికొక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, సకాలంలో జీతం, పనిలో గాయపడితే కోలుకునేదాకా పూర్తి వేతనం అందులోని కోరికలు. చివరిది ఎంతో ముందుచూపున్న కోరిక. మనిషి కోలుకునే కాలాన్ని కూడా పని ఖర్చులోనే లెక్కగట్టాలని అది అడిగింది.

1890 ఏప్రిల్‌లో వేలాదిమంది కార్మికులు సభ జరిపారు. వారిలో స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. 1891 చట్టం దాన్ని అందరికీ వర్తింపజేసి, స్త్రీల పనిని 11 గంటలకు పరిమితం చేసింది. మగవాళ్ల గంటలకు మాత్రం హద్దు లేదు. ఆ సందు ఎంత చేటు చేసిందో 1905 ప్రాంతంలో తెలిసివచ్చింది. మిల్లుల్లో కరెంటు దీపాలు వెలిగాక పొద్దుగూకడం కూడా పనికి అడ్డు కాలేదు. కొన్నిచోట్ల పని 14, 15 గంటలకు పాకింది.

1911లో నేత మిల్లుల మగవాళ్లకు 12 గంటల హద్దు వచ్చింది. వారం పని 1922లో 60 గంటలకు, 1934లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో 54కు, 1946లో 48కి తగ్గింది.

పని ఒత్తిడి వల్ల మనిషి నీరసించిపోవడాన్ని ఇప్పుడు బర్నౌట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని వ్యాధిగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. బొంబాయి కార్మికులు కోరిన మందు, అంటే విరామం, సెలవు, కూడా పనిచోటుదే. ఆ దారిలోనే 1948 ఫ్యాక్టరీల చట్టం 48 గంటల వారాన్ని, వారపు సెలవును నిలిపి, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు జీతంతో కూడిన సెలవును హక్కు చేసింది.