చత్వారం – సంతలో సులోచనాలు

"చత్వారం" అన్న మాటలోనే నలభై ఉంది. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. మరాఠీవారి చాళిశీ, కన్నడిగుల చాళీసు కూడ ఆ సంఖ్యను పట్టుకొని పుట్టినవే. ఆ వయస్సు దాటేసరికి కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరి అక్షరం అలుక్కుపోతుంది. తాళపత్రం మీది గంటపు గీత మసి పూస్తే తప్ప కుర్రకంటికే ఆనదు. ఇక నలభైయైదేళ్ళ పండితునికి శిష్యుడు చదివి వినిపించవలసినదే. మన విద్యలో ధారణకు పెద్దపీట దక్కడంలో చత్వారానికీ కొంత వాటా ఉందని నా ఊహ.

మన దక్షిణదేశంలో సులోచనాల జాడ శ్రీకృష్ణదేవరాయల కాలానికే కనిపిస్తుంది. మాధ్వయతి వ్యాసతీర్థులు కళ్ళజోడు సాయంతో గ్రంథం చదివినట్లు సోమనాథకవి వ్యాసయోగిచరితంలో వర్ణించాడు. దీనిని పండితలోకం దృష్టికి తెచ్చినవారు పుణె భండార్కర్ సంస్థకు చెందిన పి.కె. గోడే. పోర్చుగీసులు గోవాను పట్టుకొన్నది 1510లో. ఆ అద్దాలు వారి ఓడలలోనే దిగి ఉంటాయనుకోవడం సబబు.

చీటీ లేకుండా, పెట్టుకొని చూసి కళ్ళజోడు కొనుక్కోవడం ఇప్పటి చౌకబేరమని చాలామంది అనుకొంటారు. నిజానికి సులోచనాలు పుట్టినదే అలాగ. 1300 నాటి వెనిస్ స్ఫటికశిల్పుల కట్టుబాట్లలో, గాజును స్ఫటికమని చెప్పి అమ్మరాదన్న నిషేధం ఉంది. అంటే అప్పటికే అది అంగడిసరకు! 1462లో మిలాన్ ప్రభువు ఫ్రాన్చెస్కో స్ఫోర్జా ఫ్లారెన్సు నుంచి మూడు డజన్లు తెప్పించాడు: దూరపుచూపుకు ఒక డజను, దగ్గరిచూపుకు ఒకటి, సాధారణమైనవి ఒకటి. ఎవరి కన్నుకు ఏది ఒదిగితే అది వారిది. 1623లో సెవిల్లె నగరవాసి దాసా దె వల్దేస్ తన గ్రంథంలో, ఏ వయస్సువారికి ఎంత బలమున్న అద్దం కావాలో పట్టిక వేశాడు. అందులో స్త్రీలకు వేరే లెక్క, పురుషులకు వేరే లెక్క! నేడు మనం "పవరు" అనే డయాప్టరును ఫ్రెంచి వైద్యుడు మొనోయే ప్రతిపాదించినది 1872లో మాత్రమే.

మా ప్రాంతపు సంతలలో గోనెపట్టా మీద కళ్ళజోళ్ళు పరచి అమ్మేవారు మొదట అడిగేది వయస్సే. వల్దేస్ పేరు వారు విని ఉండరు గాని పద్ధతి ఆయనదే. నాకు ఆ పద్ధతితో పేచీ ఉంది. వయస్సు కంటె ముఖ్యం పని ఎంత దూరంలో ఉన్నదన్నది. అరవై దాటి, దూరపుచూపు బాగున్న మనిషికి నూరును ఆ దూరపు సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేదే సుమారు పవరు. నలభై సెంటీమీటర్లలోని పుస్తకానికి రెండున్నర కావాలి. అరవైయైదు సెంటీమీటర్లలోని పనికి ఒకటిన్నర చాలు. నలభైలలో ఉన్నవారికి ఇంకా తక్కువ.

ఇది పుస్తకాల పురుగులకే పరిమితమైన సంగతి కాదు. బొబ్బిలి వీణకు పుట్టిల్లయిన గొల్లపల్లిలో సర్వసిద్ధివారు ఒకే పనసమ్రానులోంచి వీణను తొలుస్తారు. కుండను చెక్కేటప్పుడు మ్రాను చేతిదూరంలో ఉంటుంది. ఇరవైనాలుగు మెట్లను మైనంలో నిలిపేటప్పుడు ముఖం వంగుతుంది. పుస్తకపు పవరుతో ఉలి పట్టిన శిల్పి అద్దం చెప్పిన దూరానికి వంగి వంగి నడుము పోగొట్టుకొంటాడు. అసలు అద్దమే లేకపోతే, చేయి పండిన వయస్సులో పని వదలుకొంటాడు. అస్సాం తేయాకు తోటలలో నలభై దాటిన 751 మంది కూలీలపై జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. దగ్గరిచూపు అద్దాలు ఇచ్చినవారి కోత, ఇవ్వనివారి కంటె సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది.

అదే సంవత్సరం ఆగస్టు 15న తెలంగాణలో "కంటి వెలుగు" మొదలైంది. చదువుకొనే అద్దాలు శిబిరంలోనే చేతికిచ్చారు. తక్కినవి కొలత ప్రకారం తరువాత చేయించి పంపారు. ఈ తేడాను కొనేవారూ గుర్తించాలి. సంత కళ్ళజోడులో రెండు అద్దాలకూ ఒకటే పవరు. రెండు కళ్ళూ రెండు రకాలైతే అది పనికిరాదు. నీటికాసుల జబ్బు నొప్పి లేకుండానే చూపును అంచులనుంచి తినేస్తుంది. అక్షరం బాగానే కనిపిస్తూ ఉంటుంది. కనుక నలభై దాటినవారు ఒకసారి వైద్యునిచేత కంటి ఒత్తిడి, కంటినరము చూపించుకొని, ఆ పిమ్మట సంతకు వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు నిత్యం చదివే పుస్తకమో, కుట్టే గుడ్డో వెంట తీసుకొనిపోండి. అంగడివాడి అట్టమీది అక్షరాలు మరీ లావు.