పచ్చబొట్టు, లేజరు: కొంత చరిత్ర, కొంత జాగ్రత్త

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో వయసు మళ్లిన స్త్రీల ముంజేతులను గమనించండి. పచ్చబొట్టు కనిపిస్తుంది. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి, దీపపు మసిని ఆకు పసరుతో కలిపి, సూదులతో పొడిచిన గుర్తులవి. మసి నల్లనిదే, చర్మం లోపలి పొరలో ఉండటం వల్ల పచ్చగా తోస్తుంది. చచ్చినా వెంట వచ్చే సొమ్ము అదొక్కటేనని ఆ తల్లుల నమ్మకం. దాన్ని చెరిపించుకోవాలన్న ఆలోచనే వారికి రాలేదు. వారి మనవలు మాత్రం సరదాకు బొమ్మ పొడిపించుకొని, పెళ్లి కుదిరినప్పుడో, సైన్యంలో చేరాలనుకున్నప్పుడో లేజరు కోసం వెదుకుతున్నారు. పలక మీది రాత తుడిచినట్లు పోతుందని వారి ఆశ. పలకల ఊరివారికి ఆ పోలిక సహజమే గాని, లేజరు పనితీరు వేరు.

1960లో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజరును వెలిగించాడు. సిన్సినాటి చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్ ఆ దశకంలోనే దాన్ని పచ్చబొట్లపై ప్రయోగించి చూశాడు. 1964లో బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ లేజరును రూపొందించిన కుమార్ పటేల్ మన బారామతిలో పుట్టినవాడే. అయితే ఆ లేజరు చర్మాన్నే పొరలుగా కాల్చేది; బొమ్మ పోయినచోట మచ్చ మిగిలేది. అసలు సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించారు. ఏ రంగును తొలగించదలచామో అది పీల్చుకునే కాంతిని ఎంచుకోవాలి. వేడి పక్కకు పాకేలోపే దాన్ని ఆపాలి. సెకనులో వందకోట్ల వంతుల లెక్కన సాగే ఆ మెరుపుకు సిరా రేణువులు పగులుతాయి. ఆ ముక్కలను మోసుకుపోయే పని మీ ఒంట్లోని కణాలది. నెలలు పట్టేది అందుకే.

మన చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. కెంపు లేజరు తెల్లవారికి సరిపోయినంతగా మనకు సరిపోదు. బొబ్బలెక్కి, రంగు పోయి, తెల్లని మచ్చ పడవచ్చు. ఎన్‌డి-యాగ్ లేజరు వెలువరించే 1064 నానోమీటర్ల కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. నల్ల సిరాకు, మన ఛాయకు అదే తగినది. ఆకుపచ్చ, పసుపు రంగులపై దాని ప్రభావం స్వల్పం. చికిత్సకు వెళ్లినచోట ఏ లేజరు వాడతారో, వాడేది చర్మవైద్యులో కాదో నిస్సంకోచంగా అడగండి.

రబ్బరు బ్యాండు లాగి వదిలినంత నొప్పి ఉంటుంది. చర్మం క్షణంలో తెల్లబడి, తర్వాత ఎర్రబడుతుంది. వారం పదిరోజులు పొక్కు కట్టవచ్చు, గిల్లకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో పలుమార్లు వెళ్లాలి. పల్లెలో పొడిచిన పాత మసిబొట్టు, దుకాణంలో దట్టంగా నింపిన బొమ్మకంటే త్వరగా పలచబడుతుంది. దెబ్బ తగిలినచోట కండ పెరిగే తత్వం మీకుంటే ముందే చెప్పండి.

ముఖంపై మంగు సంగతి వేరు. దానికి లేజరు మొదటి వైద్యం కాదు; ఒక్కోసారి నలుపు మరింత పెరుగుతుంది. ఇక మన ఎండ సంగతి మీకు తెలిసిందే. పలకల గనుల్లో, మిరప చేలల్లో పనిచేసేవారు వేసవిలో ఈ చికిత్స మొదలుపెట్టకుండా, పనులు తగ్గి, చలి ముదిరిన నెలలకు వాయిదా వేసుకోండి. అప్పుడైనా ఆ భాగాన్ని గుడ్డతో కప్పే ఉంచాలి.