శ్రుతి మార్పు కథ



పాట యొక్కటియే, కంఠములు వేఱువేఱు. ఒకని గొంతునకు ఒకటవ శ్రుతి యమరును. మఱియొకరికి నాలుగున్నర శ్రుతి గాని యమరదు. గాయకుని గొంతును మార్చుట యెవరి తరమును గాదు. కావున పాటనే యెత్తి వేఱొక పీటపై కూర్చుండబెట్టవలయును. ఈ శ్రుతి మార్పు పూర్వమెట్లు జరిగెడిదో, నేటి కంప్యూటరులో నెట్లు జరుగుచున్నదో సంగ్రహముగా మనవి చేసెదను.

పద్యనాటకములలో హార్మోనియము వాయించువారి నేర్పు మీరెఱిగినదే. ఒకటవ శ్రుతిలో షడ్జము, అంతరగాంధారము, పంచమము మూడును తెల్లమెట్లపైననే యుండును. రెండవ శ్రుతికి జరిపినచో గాంధారము నల్లమెట్టుపై బడును. స్వరముల నడిమి దూరములు మాఱవు గాని వ్రేళ్లు క్రొత్త త్రోవ పట్టవలయును. ఈ శ్రమను దప్పించుటకే మెట్లవరుస యంతయు ప్రక్కకు జరుగు హార్మోనియములు వెలసినవి.

పడమటి దేశములందును ఈ యవసరమే కలిగినది. అమెరికాలో పాటలు కట్టుటయందు ప్రఖ్యాతుడైన అర్వింగ్ బెర్లిన్ (1888–1989) పియానోపై దాదాపు ఒకే శ్రుతిలో వాయించువాడు. అందువలన మీట త్రిప్పినంతనే శ్రుతి మాఱునట్టి పియానోను వాడెను. వ్రేళ్లు పాతచోటనే యాడుచుండగా పాట వేఱు శ్రుతిలో వినవచ్చెడిది. అట్టి యాతని పియానో యొకటి వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థవారి సేకరణమున జేరినది.

ఇవి వాయించుచున్నప్పటి యుపాయములు. మఱి ముద్రితమైన పాట మాటయేమి? గ్రామఫోను పళ్లెమును వడిగా ద్రిప్పినచో శ్రుతి హెచ్చును, దానితోపాటు కాలమును పరుగెత్తును. నాదమును ముద్రించినచోట ఈ రెండును ముడివడియుండెను.

ఆ ముడి వీడుటకు ఒక క్రొత్త లిపి తోడ్పడినది. 1981లో అమెరికావాసులగు డేవ్ స్మిత్, చెట్ వుడ్ అనువారు వాద్యయంత్రములన్నిటికి నొక్కటే భాష యుండవలెనని ప్రతిపాదించిరి. జపానులో రోలాండ్ సంస్థాపకుడగు ఇకుతారో కకెహాషి యీ ప్రయత్నమునకు అండయయ్యెను. 1983 జనవరిలో కాలిఫోర్నియాలోని అనాహైమ్ నగరమున, వేర్వేఱు సంస్థలు చేసిన రెండు వాద్యములు ఒకే తీగతో గలుపబడి పలికినవి. ఆ భాషకు మిడి యని పేరు.

మిడిలో నాదము లేదు. ఏ మెట్టు నొక్కబడెను, ఎంత బలముతో, ఎప్పుడు విడువబడెను అను సమాచారము మాత్రమే కలదు. మెట్లకు 0 మొదలు 127 వఱకు సంఖ్యలు. ఒకటవ శ్రుతి షడ్జము 60 అనుకొందము. గాంధారము 64, పంచమము 67 అగును. రెండవ శ్రుతికి జరుపుటకు ప్రతిసంఖ్యకు 2 కలిపిన జాలును. 62, 66, 69 వచ్చును. కాలము చెక్కుచెదరదు.

ఈ పనికి రెండు మార్గములు గలవు. వ్రాసిన సంఖ్యలనే మార్చుట యొకటి. మూలమును ముట్టక, వాయించు క్షణమున మాత్రము ఇన్ని మెట్లు కలుపుమని ఆజ్ఞ యిచ్చుట రెండవది. గాయకుని శ్రుతి నిర్ణయమగువఱకు రెండవదియే మేలని నా యభిప్రాయము. మూడు శ్రుతులు పాడించి చూచినను మూలము చెడదు.

అయితే యంత్రమునకు కూడిక తెలియును గాని సంఖ్య యొక్క అర్థము తెలియదు. 1991లో నేర్పడిన జనరల్ మిడి నియమము ననుసరించి పదవ వరుస తాళవాద్యములది. అందు 36 పెద్ద డోలు, 38 చిన్న డోలు. అన్నివరుసలను గుత్తగా రెండు మెట్లు పైకి జరిపినచో పెద్ద డోలు మ్రోగవలసినచోట చిన్న డోలు మ్రోగును. పాట నడక చెడును. కావున పదవ వరుసను వేఱుచేసిన పిదపనే తక్కిన వరుసలను ఒక్కమాఱు జరుపవలయును.

వాద్యపు హద్దును గూడ జూడవలయును. మామూలుగా శ్రుతిచేసిన వయొలినులో అడుగుస్వరము 55. అచ్చటి పాటను మూడు మెట్లు దించిన 52 వచ్చును. యంత్రము దానిని వ్రాయగలదు. చేతివయొలినుపై ఆ స్వరమే లేదు.

శ్రుతి మార్పు నేడు క్షణములో బని. కాని ఏ గొంతునకు ఎంత జరుపవలెనో, దేనిని జరుపరాదో నిర్ణయించువాడు నేటికిని మనుష్యుడే. మంచి హార్మోనిస్టు నటుని ముఖము చూచి శ్రుతి యందించినట్లే, యంత్రము నెదుట గూర్చున్నవాడును ముందుగా పాడువాని నాలకింపవలయును.